గడప దగ్గర ఇంగ్లీషు

ఇంగ్లీషువాళ్ళకు మాటల కరువొచ్చిందో ఏమో, ఉన్న నాలుగు క్రియలకే అప్, ఆఫ్, ఆన్, అవుట్ అని తోకలు తగిలించి లోకం మీదికి వదిలారు. గెట్ అప్ అంటే లేవడం, గెట్ ఆన్ అంటే ఎక్కడం, గెట్ బై అంటే ఏదోలా నెట్టుకురావడం. ఆ తోక చాలదన్నట్టు దాని వెనకాల టైం మాట ఒకటి రావాలి. ఆరింటికైతే ఎట్, శుక్రవారమైతే ఆన్, రంజాన్ నెలైతే ఇన్, ఆ లోపలైతే బై, అప్పటిదాకా అయితే అంటిల్. రాయచోటిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఏళ్ళ తరబడి ఇవే చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. జెద్దా వచ్చాకైనా వీటి పీడ వదులుతుందనుకున్నాను. నా ఖర్మ, ఇక్కడా వదల్లేదు.

మా ఆయన మస్తాన్ వలీ ఇక్కడ ఒక షిప్పింగ్ కంపెనీ ఆఫీసులో పని చేస్తాడు. ఆయన ఎవరి దగ్గరో నోరు జారి, మా నస్రీన్ ఇంగ్లీషు టీచరు అన్నాడు. అంతే. ముందు ఒకామె ఫోన్ చేసింది, ఆమె వెంట ఇంకొకామె, చూస్తుండగానే నా ఫోన్లో ఒక గుంపు తయారైంది. అందరూ ఇళ్ళల్లో పని చేసే ఆడవాళ్ళే. కొందరు కడప, రాయచోటి వైపు, కొందరు గోదావరి వైపు. వాళ్ళు గేటు దాటి బయటికి రాలేరు కాబట్టి చదువంతా వాట్సాప్ వాయిస్ మెసేజీల్లోనే. ఒకామె గిన్నెలు తోముతూ పాఠం అప్పజెబుతుంది, ఇంకొకామె ఇస్త్రీ చేస్తూ. వెనక నుంచి కుళాయి నీళ్ళు, పిల్లల ఏడుపులు, మిక్సీ చప్పుళ్ళు. ఆ మోత వినీ వినీ సాయంత్రానికి నాకు తల దిమ్మెక్కిపోయేది.

వాళ్ళకు నేను పెట్టిన నియమం ఒక్కటే. పుస్తకం వద్దు, ఆ రోజు మీ మేడం ఏ మాట అందో అదే నాకు పంపండి, దాంతోనే పాఠం చెబుతాను అన్నాను. అలా పంపేవాళ్ళలో అందరికంటే పెద్దది మహబూబ్బీ. మా గాలివీడు మనిషి, యాభై దాటిన మనిషి. మొదట సౌదీలోనే ఉనైజా అనే ఊళ్ళో ఒక ముసలమ్మను చూసుకోవడానికి వచ్చింది. ఆ ముసలమ్మకు కాళ్ళు పడిపోయాక కూతురు జెద్దాకు తెచ్చుకుంది, ఆమెతో పాటు ఈమెనూ తెచ్చుకుంది. కూతురు హనాన్ ఆస్పత్రిలో డాక్టరు. పిల్లలు ఇంటర్నేషనల్ స్కూల్లో చదువుతున్నారు కాబట్టి ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడాలని ఆమె పట్టుదల. ఉనైజాలో కష్టపడి నేర్చుకున్న అరబ్బీ ముసలమ్మ దగ్గర మాత్రమే పనికొస్తోంది, తక్కిన ఇంటికంతా కొత్త భాష కావాల్సొచ్చింది మహబూబ్బీకి.

"టీచరమ్మా, టర్న్ హర్ ఓవర్ ఎవ్రీ టూ అవర్స్ అనింది మేడం. టర్న్ అంటే తిరిగేది, ఓవర్ అంటే అయిపోయేది అని నువ్వే గదా గుంపులో చెప్పింటివి. తిప్పి ఏం అయిపోవాల?" ఇదీ ఆమె మొదటి మెసేజీ.

"అక్కా, రెండూ కలిస్తే వేరే అర్థం వస్తాది. రెండు గంటలకోసారి పక్క మార్చి పండబెట్టమని."

"అట్లయితే ఆ ఓవర్ ఎందుకు మధ్యలో? తిప్పు అంటే తిప్పనా నేను?"

ఒళ్ళు మండింది నాకు. "మనమేమన్నా తక్కువ తిన్న్యామా అక్కా? పడు వేరు, పడిపో వేరు, పడెయ్ వేరు. అన్నం తినిపో అంటాం, అన్నం మాడిపోయింది అంటాం. ఆ 'పో'కూ ఈ 'పో'కూ ఏమన్నా చుట్టరికముందా?"

కాసేపటికి ఆమె నవ్వు వినిపించింది. "అవును గదా! మన దాంట్లో గూడా ఉండాదే ఈ ముదనష్టం!"

అప్పట్నుంచీ ఆమెకు చెప్పడం సులువైంది. వేక్ హర్ అప్ ఎట్ సిక్స్. సిట్ హర్ అప్ ఫర్ హాఫెనవర్ ఆఫ్టర్ మీల్స్. డోంట్ పుట్ ఆఫ్ ద ఇంజెక్షన్ అంటిల్ ఈవెనింగ్. ఆమె రోజంతా ఆ మాటల్లోనే ఉండేది. ఎత్తడం, తిప్పడం, కూర్చోబెట్టడం, మళ్ళీ పడుకోబెట్టడం. ముసలమ్మ లావుపాటి మనిషి, ఇక్కడి అలవాటున మహబూబ్బీ ఆమెను మామా అని, అంటే అమ్మా అని పిలిచేది. ఎత్తీ ఎత్తీ మహబూబ్బీ నడుము పోయింది. మెసేజీల్లో మాట మధ్యలో ఆగి "యా అల్లా" అంటూ మూలిగేది. నేను అది వినీ వినిపించుకోనట్టు పాఠం చెప్పేసేదాన్ని. ఏం చేయను, నేను టీచర్నే గానీ డాక్టర్ని కాదుగా.

ఆమెకు ఈ దేశంలో కావలసింది ఒక్కటే మిగిలింది, ఫైనల్ ఎగ్జిట్. సెలవు మీద వెళ్ళి తిరిగొచ్చే రీ-ఎంట్రీ కాదు. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీలు చేత్తో ఒక్కసారి ఎగ్జిట్ కొట్టించుకుని, ఈ లంకె తెంచుకుని ఇంటికి వెళ్ళిపోవడం. ఆమె కఫీలు డాక్టరమ్మే.

"ఇంటికి పోయి ఏం చేస్తావక్కా?" అని ఒకసారి అడిగాను.

"పండుకుంటా టీచరమ్మా."

"పండుకునేదానికేనా ఇంత ఆరాటం?"

"పగటిపూట పండుకోవాల. అన్నం తిని, తలుపేసుకుని, ఎండ పొద్దున నిద్దరపోవాల. లెయ్యమనేవాళ్ళు ఉండగూడదు. ఇన్నేండ్లలో ఒక్క పగలన్నా పండుకోలే నేను."

మా ఆయన మధ్యాహ్నం అన్నానికొచ్చి, అన్నం తిని, సోఫాలో గురక పెడుతున్నాడప్పుడు. ఆయన్ను చూస్తే నాకు అసూయ కలిగింది. మహబూబ్బీ తరపున కలిగిన అసూయ అది.

ఎగ్జిట్ అడిగినప్పుడల్లా డాక్టరమ్మ మంచిగానే మాట్లాడేది, అదే చిక్కు. కోప్పడదు, కాదనదు. లెట్స్ పుట్ ఇట్ ఆఫ్ అంటిల్ ఆఫ్టర్ రంజాన్ అనింది మొదట. రంజాన్ పోయింది. పిల్లల పరీక్షలయ్యేదాకా పుట్ ఆఫ్. పరీక్షలయ్యాయి. హజ్ అయ్యేదాకా పుట్ ఆఫ్. ఆ పుట్ ఆఫ్‌నూ దాని తోక అంటిల్‌నూ మహబూబ్బీకి నేను రెండోసారి నేర్పాల్సిన అవసరమే రాలేదు. వినీ వినీ దానంతటదే వచ్చేసింది. డాక్టరమ్మ మాత్రం ఏం సుఖపడుతోంది? డ్యూటీల మధ్య ఇంటికొచ్చి, నిలబడే నాలుగు మెతుకులు తిని, మళ్ళీ పరిగెత్తేదట. తల్లిని ఎవరి చేతిలో పెట్టాలో తెలియక ఈమెను పట్టుకుని వేలాడుతోంది. అది నాకు అర్థమయ్యేది. అర్థమైనా కోపం తగ్గేది కాదు.

చివరికి నేనే పూనుకున్నాను. "అక్కా, ఇంక నసగొద్దు. నేను చెప్పినట్లు చెప్పు" అని రెండు వాక్యాలు పంపాను. ఐ కాంట్ క్యారీ ఆన్ ఎనీ లాంగర్. ఐ వాంట్ టు గో బ్యాక్ ఫర్ గుడ్ బిఫోర్ రంజాన్.

"ఫర్ గుడ్ అంటే మంచికా టీచరమ్మా?"

"కాదు. శాశ్వతంగా అని."

"శాశ్వతంగా పోయేదానికి మంచికి పోయేది అంటారా వీళ్ళు! ఆ మాట తీసెయ్యరాదా? ఏందోగా ఉండాది నోటికి."

"తీసెయ్యను. అది లేకుంటే నీకు రెండు నెలలు సెలవిచ్చి చేతులు దులుపుకుంటాది. నోరు తిరిగేదాకా అను."

అంది పాపం. వంటింట్లో అంది, బాత్రూంలో అంది, ముసలమ్మ కాళ్ళకు నూనె రాస్తూ అంది. క్యారీ దగ్గర గొంతు పట్టుకునేది, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకునేది. నాకు చిరాకేసి కసురుకుంటే "తిట్టు టీచరమ్మా, తిడితేనే వస్తాది నాకు" అనేది. తిట్టాను కూడా.

ఒకరోజు చెప్పేసింది. డాక్టరమ్మ నీళ్ళు తాగి, ఓకే మహబూబ్ అనిందట. ఇథియోపియా నుంచి కొత్తామె వస్తోంది, ఆమెకు పని నేర్పి పో, రంజాన్ ముందే ఎగ్జిట్ కొడతాను అనిందట. నేను నమ్మలేదు. కొత్తామె దిగాక, టికెట్టు ఫోటో వచ్చాక నమ్మాను. ఆ రోజు సేమియా పాయసం చేశాను, ఎందుకు చేశావని మా ఆయన అడిగితే నీకెందుకు తిను అన్నాను.

బయలుదేరే రోజు ఆమెను విమానాశ్రయానికి తీసుకెళ్ళే పని మేమే మీద వేసుకున్నాం. అప్పటిదాకా ఆమె నాకు గొంతు మాత్రమే. మా ఆయన కింద కారులో ఉండిపోయాడు, నేను పైకి వెళ్ళాను. తలుపు తీసిన మనిషిని చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. గొంతు విని కాస్త బలంగా ఉంటుందనుకున్నాను. ఒంటి చేత్తో నడుము పట్టుకుని, పక్కకు ఒరిగి నడుస్తోంది. నన్ను చూసి "టీచరమ్మా, ఇంత చిన్నదానివా నువ్వు! ఆ గొంతేమో అత్తగారి గొంతు!" అని నవ్వింది.

పెట్టె గడప దగ్గర ఉంది. డాక్టరమ్మ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, తెల్ల కోటు కూడా విప్పలేదు. ఎగ్జిట్ ఇంకా కొట్టలేదట, పనుల్లో పడి మర్చిపోయిందట. ఫోన్లో రెండు నిమిషాల పని, ఇప్పుడే కొడతాను అని ఇంగ్లీషులో నాతో అంటూ ఫోను తీసింది. చక్రాల కుర్చీలో ముసలమ్మను కొత్తామె తీసుకొచ్చింది. ఆమె చెయ్యి చాచి మహబూబ్బీ నల్లటి అబాయా అంచు పట్టుకుంది. ఏడవడం లేదు, మాట్లాడటం లేదు, వదలడం లేదు. అంతసేపూ డాక్టరమ్మ చిన్న కూతురు మహబూబ్బీ నడుముకు కరుచుకుని ఉంది.

"వెన్ విల్ యూ కమ్ బ్యాక్?" అని ఆ పిల్ల అడిగింది.

ముసలమ్మకు ఆ మాత్రం ఇంగ్లీషు తెలుసో, లేక పిల్ల మొహం చూసి గ్రహించిందో, ఆమె కూడా తలెత్తి మహబూబ్బీ మొహంలోకి చూసింది.

మహబూబ్బీ వంగలేక వంగి, పిల్ల తల నిమిరి, ముసలమ్మ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఐ విల్ కమ్ బ్యాక్ ఆఫ్టర్ ఈద్" అంది. ఎక్కడా తడబడలేదు. అదే మాట ముసలమ్మకు అరబ్బీలో కూడా చెప్పింది.

డాక్టరమ్మ ఫోన్లోంచి తలెత్తింది. ఆమె మొహంలో నెలల తరబడి ఉన్న బరువేదో దిగిపోవడం నా కళ్ళతో చూశాను. "నువ్వు తిరిగొస్తావా? ఈ మాట ముందే చెప్పొచ్చుగా మహబూబ్!" అంది ఇంగ్లీషులో. "అయితే ఫైనల్ ఎగ్జిట్ ఎందుకు? రీ-ఎంట్రీ కొడతాను."

నేను అడ్డం పడ్డాను. మేడం, ఆమె ఉద్దేశం అది కాదు, మా వైపు ఇల్లు వదిలేవాళ్ళు పోతున్నానని అనరు, పోయొస్తానంటారు, అది మా మర్యాద, అంతే అన్నాను. ఇంగ్లీషులో నాకు ఇంత చక్కగా మాట్లాడటం వచ్చు కదా, ఆ రోజు ఆ ఒక్క ముక్క చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. డాక్టరమ్మ ఓపిగ్గానే విన్నది.

"మర్యాద సరే. మా అమ్మ విన్నది కదా. ఈద్ తర్వాత రోజూ ఆమె నన్ను అడుగుతుంది. నేనేం చెప్పాలి?" అంది. కోపంగా అనలేదు, అలిసిపోయిన గొంతుతో అంది. "రానని మహబూబ్‌నే చెప్పమను, ఇక్కడే, మా అమ్మతో. చెబితే ఈ నిమిషమే ఫైనల్ ఎగ్జిట్ కొడతాను. ఒట్టు."

నేను మహబూబ్బీ వైపు తిరిగాను. జరిగిందంతా తెలుగులో గబగబా చెప్పాను. "చెప్పక్కా. ఒక్క మాట. రాను అని చెప్పు, అయిపోతాది."

ఆమె ముసలమ్మను చూసింది. ఆఫ్టర్ ఈద్ అన్న మాట అరబ్బీలో విన్నాక ముసలమ్మ అబాయా వదిలేసి ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కుదురుగా కూర్చుంది.

"ఎట్ల చెప్పేది టీచరమ్మా?" అంది మహబూబ్బీ నా చెవి దగ్గర. "గడప కాడ నిలబడి రాను అంటామా యాడన్నా? అదీ మంచంలో ఉండే మనిషితో?"

"అనకపోతే నీ ఎగ్జిట్ పోతాదే!"

"పోనీలే. ఏది కొడితే అది కొట్టనీ. రాకుంటే ఎవరు మెడబట్టి తెస్తారు నన్ను?"

డాక్టరమ్మ రీ-ఎంట్రీ కొట్టింది. ఫోను టింగుమంది.

కారులో నేను ఊరుకోలేదు. ఏడాది పాటు పడ్డ పాట్లన్నీ ఆ గడప దగ్గర పారబోశావని, నువ్వు బాగుపడవని, నేను ఇంకెవరికీ పాఠం చెప్పనని, నోటికొచ్చినట్టు తిట్టాను. మా ఆయన అద్దంలో చూస్తూ "ఊరుకోవే, పెద్దామె" అన్నాడు. మహబూబ్బీ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"కోడలు అలిగి పుట్టింటికి పోయేటప్పుడు గూడా పోయొస్తాననే గదా టీచరమ్మా గడప దాటేది," అంది. "నాకు వేరే మాట రాలేదు, ఏం చెయ్యమంటావు?"

"సరే, అయిందేదో అయింది. మళ్ళీ ఈ మొహం చూసేదానికి రావద్దు. అక్కడే పండుకో."

"అట్లనే."

లోపలికి వెళ్ళే ముందు నన్ను కావలించుకుంది. నూనె, మందుల వాసన. "పోయొస్తా టీచరమ్మా" అంది. నేను నెత్తి కొట్టుకున్నాను. ఆమె నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయింది.

రంజాన్ నెలంతా గాలివీడు నుంచి మెసేజీలు వచ్చాయి. చేరినానని, కోడలు మంచి పరుపు వేసిందని, ఫ్యాను బాగా తిరుగుతోందని. నేను సంతోషించాను, నిజంగా సంతోషించాను. గుంపులో మిగతావాళ్ళకు పాఠం చెబుతూ కూడా, ఈ టైంకు మహబూబక్క తలుపేసుకుని పడుకుని ఉంటుందని అనుకునేదాన్ని. పండగ నాడు ఈద్ ముబారక్ అని పంపింది. తర్వాత మెసేజీలు ఆగిపోయాయి. నిద్రలో పడి మమ్మల్ని మర్చిపోయిందిలే అనుకున్నాను.

పండగై కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఫోను మోగింది. సౌదీ నంబరు.

"టీచరమ్మా, వచ్చినా."

"యాడికి?"

"యాడికేంది? జెద్దాకు. మేడం ఇంటికి."

"ఎవరు పిలిచినారు నిన్ను? మేడం బెదిరిచ్చిందా?"

"ఎవరూ పిలవలే. మేడం ఒక్క ఫోను గూడా చెయ్యలే. ఆమెనేం అనొద్దు."

"మరి ఎందుకొచ్చినావే తల్లీ! పగలు పండుకోవాలని గదా పోయింది!"

"పండగ దాకా బాగానే పండుకున్న్యా. పండగ అయిపోయినాంక కన్ను మూతబడలే టీచరమ్మా. తలుపేసుకుని పండుకుంటే ఆ ముసలామె తలుపు కల్లా చూస్తా కూచున్నట్లు అనిపిచ్చేది. ఈద్ తర్వాత వస్తా అని నోటితో చెప్పింటి గదా. చెప్పినాంక నాకు నిద్దర యాడ వస్తాది? కోడలు గూడా అడిగింది, ఏమత్తా రేయింబగళ్ళు తిరగతాండావు అని."

"నీ నడుమో?"

"ఉండాది. అదెక్కడికి పోతాది."

నాకు కోపం రాలేదు ఈసారి. ఏడుపొచ్చింది. ఆమె మీద కాదు, డాక్టరమ్మ మీద కాదు, ఎవరి మీద ఏడవాలో తెలియని ఏడుపు. మా ఆయన వచ్చి ఏమైందని అడిగితే చెయ్యి ఊపి పొమ్మన్నాను.

"టీచరమ్మా, ఏడవొద్దు. ఒక సాయం చెయ్యి," అంది మహబూబ్బీ. "రాను అనేది ఇంగ్లీషులో నాకు బాగా నేర్పియ్యి. మన మాటలో అయితే నా నోరు పెగలదు. ముసలామెకు గూడా అరబ్బీలో చెప్పలేను. ఇంగ్లీషు అయితే అది మన మాట గాదు గదా, నోరు దాటిపోతాది. ఈసారి గడప దాకా రానియ్యను, లోపల ఉండంగనే ఒక పొద్దు మేడంకు చెప్పేస్తా. ముసలామెకు ఆమే చెప్పుకుంటాది."

అది కూడా నేను నేర్పాలా అనిపించింది. అయినా కళ్ళు తుడుచుకుని, ఫోను పెట్టేసి, మెసేజీ రికార్డు చేశాను. ఐ యామ్ గోయింగ్ బ్యాక్ ఫర్ గుడ్. ఐ విల్ నాట్ కమ్ బ్యాక్. నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. చెబుతుంటే నా గొంతే నాకు కటువుగా వినిపించింది. అయినా పంపాను.

కాసేపటికి ఆమె మెసేజీ వచ్చింది. వెనకాల ఏదో ఇత్తడి గిన్నె చప్పుడు. గొంతు సవరించుకుంది. "ఐ యామ్ గోయింగ్ బ్యాక్ ఫర్ గుడ్," అంది, బాగానే అంది. "ఐ విల్ నాట్..." అని ఆగింది. మళ్ళీ ఎత్తుకుంది. "ఐ విల్ నాట్ కమ్..."

లోపలి గదిలోంచి సన్నగా, బలహీనంగా, ముసలమ్మ పిలుపు వినిపించింది. మహబూబా, మహబూబా అని.

"వస్తాండా మామా, వస్తాండా," అంది మహబూబ్బీ మన మాటలోనే, అక్కడితో మెసేజీ ఆగిపోయింది.